గడప ఇవతలి చప్పుడు

డెబ్బైనాలుగు ఆగస్టు పదకొండు, ఆదివారం. ఆ రోజు మేం ఆదోనిలో ఉగ్గాని తిన్నాం, మిరపకాయ బజ్జీలతో. వకీలు గఫూర్ సాబ్ ఎదుటి హోటలు నుంచి కాగితంలో కట్టించి తెప్పించారు. నానిన బొరుగులు ఇంకా వెచ్చగా ఉన్నాయి, పుట్నాలపొడి పైపైన ఉంది, నిమ్మకాయ బాగా పిండారు. హులిగమ్మ బజ్జీ కొరికి, కారం నషాళానికెక్కి, కళ్ళనీళ్ళు కొంగుతో తుడుచుకుంటూ నవ్వింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ తేదీ ఇప్పుడెందుకు గుర్తుకు రావాలి? కాళ్ళ కింద మగ్గం తొక్కుడు పలకలు కదులుతున్నాయి కనుక. కుడి కాలు, ఎడమ కాలు. నూలు మోసే నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. పోగును బిగించే పన్నెను లాగి గుద్దాను. ఆ చప్పుడు గుంటలోంచి లేచి, నా గదిలో ఒకసారి తిరిగి, తెరిచి ఉన్న వీధి తలుపులోంచి బయటికి పోయింది. పోనీ. పోవడానికే కదా గుద్దుతున్నాను. పొద్దు గుంకి దీపాల వేళయింది, మా ఇంటి ఎదుటి టీ హోటల్లో రేడియో పెట్టారు, ఆ హోటలు ముందు బెంచీ మీద కంపెనీ మనిషి నరసన్న కూర్చుని ఉంటాడు, చెవి ఇటే ఉంటుంది. విను నాయనా. విను. ఇంకా గట్టిగా గుద్దమంటావా?

ఈ మగ్గం నా భార్య హులిగమ్మది. పుట్టింటినుంచి తెచ్చుకున్న గుంట మగ్గం. ఆమె పోయి రెండేళ్ళు దాటింది. నేను ఆదోనిలో పత్తి మిల్లులో గుమాస్తాను, పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు ఎమ్మిగనూరు వస్తాను. మా నాన్న నేతగాడే, కాని నన్ను బి.ఏ. దాకా చదివించి మగ్గానికి దూరం చేశాడు. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని తొక్కిన తొక్కుడు తప్ప నాకు నేత రాదు. అయినా ఈ సాయంత్రం చొక్కా విప్పి, పంచె ఎగగట్టి, గుంటలో కాళ్ళు పెట్టాను. ఎందుకంటే పక్కింటి భీమన్న మగ్గానికి, ఈ మగ్గానికి మధ్య ఒకే మట్టిగోడ. వీధిలో కూర్చున్నవాడికి ఏది ఎవరి చప్పుడో తెలియదు. తెలియదనే నా ఆశ. భీమన్న మగ్గం, నూలిచ్చి చీరలు నేయించుకునే కంపెనీది. వారం రోజులు ఆడకపోతే కంపెనీ దాన్ని విప్పి పట్టుకుపోతుంది, ఒప్పందంలో అలాగే ఉంది. ఇవాళ్టికి వారం. భీమన్న ఆదోని పెద్దాసుపత్రిలో ఉన్నాడు, వాడి భార్య హనుమమ్మకు గర్భసంచి తీసేశారు, నాలుగు రోజుల్లో వస్తామనుకున్నారు, కుట్లు చీము పట్టాయి. రేపు పొద్దున బస్సుకు దిగుతామని ఇందాక బస్సు కండక్టరు చేత చెప్పి పంపారు. బస్సులో అంతమంది ఉండగా ఆ కండక్టరు నా చెవి దగ్గరికి వంగి చెప్పాడు. అలా వంగాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పోయే రోజు భీమన్న దొడ్డిగోడ మీదుగా తల పెట్టి, "అన్నా, సంగతి యాడా అనొద్దు. ఒంట్లో బాగలేని ఇంటికి మగ్గం దండగంటారు వాళ్ళు. మగ్గం పోతే మేం బతికేదెట్ల?" అన్నాడు. వాడి వెనక హనుమమ్మ పొట్ట పట్టుకుని నిలబడి, అంత నొప్పిలోనూ, "మా అన్నకు సెప్పాల్నా, ఆయన నోట్లోంచి మాట రావల్లంటే హులిగక్క దిగి రావల్ల" అని ఎగతాళి చేసింది. ఈ ఒక్క పూట చప్పుడు వినిపిస్తే చాలు, వారం లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. నా పని అంతే. చప్పుడు చెయ్యడం.

భీమన్న మగ్గం మీదే కూర్చోవచ్చు కదా అని మొదట అనుకున్నాను. తాళంచెవి నా దగ్గరే ఉంది. కాని దాని మీద ఉన్నది కంపెనీ నూలు. నా చేతి గుడ్డ చూస్తే ఏ గుడ్డివాడికైనా తెలిసిపోతుంది. అందుకని వాడి వాకిలి తెరిచి, లోపల బల్బు వేసి వచ్చి, ఇక్కడ కూర్చున్నాను, మధ్యగోడ వారన, వీధిలోంచి కనబడని ఈ మూలన. ఇక్కడ ఉన్నది ఆమె పడుగు. ఆమె పోయేనాటికి సగం నేసిన చీర. రెండేళ్ళుగా దాని మీద పాత దుప్పటి కప్పి, ఆదివారం ఆదివారం దుమ్ము దులుపుతూ వచ్చాను, ఒక్క పోగు కదిలించలేదు. ఇందాకే దుప్పటి తీశాను. సన్న నూలు, ఉల్లిపొర రంగు, అంచు నేరేడు పండు రంగు. ఆమె నేసినంత వరకు గుడ్డ నీళ్ళు పోస్తే నిలిచేంత బిగువుగా ఉంది. అక్కడినుంచి ఇవతల నాది మొదలైంది, చూడు, ఎంత వదులు. కుడి, ఎడమ, గుద్దు. ప్రతి గుద్దుకు ఆమె వదిలి వెళ్ళిన పడుగు అంతకంత తరిగిపోతున్నది. ఎవడి కోసం? ఎవడో బెంచీ మీద చెవి పెట్టుకుని కూర్చున్నాడని నా భార్య చివరి చీరను నేను పాడుచేసుకోవాలా? పక్కింటి ఆడమనిషికి ఆపరేషనైతే ఆ సంగతి దాచడానికి నేను ఇంత తప్పుడు గుడ్డ నేయాలా? దొంగతనం చేసినవాడిలా గుండె కొట్టుకోవాలా? దొంగ ఎవరు అసలు?

కంపెనీవాళ్ళు ఒకప్పుడు చెప్పులతో లోపలికి వచ్చేవాళ్ళు. నూలు మాది, మగ్గం మాది, చూసుకునే హక్కు మాది అనేవాళ్ళు. హులిగమ్మ మగ్గం సొంతమే అయినా నూలు వాళ్ళదే కనుక మా ఇంటికీ వచ్చేవాళ్ళు. ఒకరోజు వాళ్ళ మనిషి వచ్చేసరికి ఆమె దొడ్డిగోడ పక్కన చీర అడ్డం కట్టుకుని నీళ్ళు పోసుకుంటున్నది. వాడు ఆ చీర పక్కనుంచే నడిచిపోయాడట, "పని సూస్కో తల్లీ, పని సూస్కో" అంటూ. ఆమె తడిబట్టలు మార్చుకుని వచ్చి, పడుగుకు పూయడానికి కాచిపెట్టిన గంజి తప్పెల ఎత్తి వాడి నెత్తిన కుమ్మరించింది. చల్లారిన గంజే లెండి. వాడు మీసాలనుంచి గంజి కారుతుండగా వీధిలో నిలబడి తిడుతుంటే, హనుమమ్మ తన వాకిట్లోంచి, "ఎండలో నిలబడప్పా, బాగ బిగుసుకుంటావు, ఒక చీర నేస్తాం నీతో" అంది. వీధి అంతా నవ్వింది. ఆ నవ్వుతో మొదలై, కంపెనీ మనుషులు ఇళ్ళలోకి రావద్దని మగ్గాలన్నీ ఆగిపోయాయి. పెండ్లిళ్ళ సరుకు కావలసిన కాలం, కంపెనీ సేటు దిగి వచ్చాడు. ఒప్పందం రాయించడానికి నేను, హులిగమ్మ ఆదోని పోయాం. వీధి తరఫున ఆడమనిషి ఉండాలని హనుమమ్మ పట్టుబట్టింది. గఫూర్ సాబ్ ముసలాయన, తెల్లటి లాల్చీ, పాన్ నమిలి నమిలి ఎర్రబారిన నోరు, పేదవాళ్ళ కేసులంటే కుర్చీలో ముందుకు జరిగి కూర్చునే మనిషి. "కంపెనీ మనిషి ఇంటివారి అనుమతి లేక గడప దాటరాదు" అని రాసి, చదివి వినిపించి, "ఇంక వాడి నీడ కూడా లోపలికి రాదమ్మా" అన్నాడు. అప్పుడే ఉగ్గాని వచ్చింది. తింటూ తింటూ హులిగమ్మ తల ఎత్తి, "సాబూ, నీడ రాదు సరే. మా సప్పుడు బయటికి పోతాది గదా, దానికేం రాసినావు?" అని అడిగింది. ఆయన పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. "అరే తల్లీ, చెవికి గడప యాడ కట్టేది?" అన్నాడు. ఆమె ఇంకో బజ్జీ తీసుకుంది.

దసరా పోయింది, ఎదుటి టీ హోటలు ముందు కొత్త బెంచీ వచ్చింది. దాని మీద నరసన్న వచ్చాడు. నరసన్న మా వీధి మనిషే, మంచి నేతగాడు, పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. కంపెనీ వాడికి కూర్చునే ఉద్యోగం ఇచ్చింది. పొద్దున వచ్చి కూర్చుంటాడు, దీపాల వేళ దాటేదాకా ఉంటాడు. ఏ ఇంట్లో మగ్గం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఏది చురుగ్గా ఆడింది, ఏది కుంటుతున్నది. సాయంత్రం కంపెనీ ఏజెంటు సైకిలు మీద వస్తాడు, నరసన్న నోటితో చెబుతాడు, అంతే. గడప దాటడు. గడప వైపు తేరిపార చూడను కూడా చూడడు, పాపం, మర్యాదస్తుడు. తేలు కుట్టిందని ఒకామె ఒక పూట మగ్గం దిగితే మర్నాడే అడిగారు. ఒకింట్లో మొగుడూ పెళ్ళాం కొట్లాడుకుని రెండు రోజులు నేయకపోతే, ఆ కొట్లాట సంగతి అత్తమామలకంటే ముందు కంపెనీకి తెలిసింది. మైల వచ్చి మూలన కూర్చున్న పిల్లలు ఎవరో, ఏ నెల ఎవరు కూర్చోలేదో, అదికూడా. చీ. తలుచుకోవడానికే నోరు చేదెక్కుతున్నది, వాళ్ళకు వినడానికి ఎలా ఒప్పిందో. ఏ ఇంట్లో జబ్బో తెలిస్తే ఆ ఇంటికి ఆ నెల కూలి తగ్గించి చెప్పేవాళ్ళు. ఆ ఇంటివాళ్ళు ఇంకోచోటికి పోలేరని తెలుసు కనుక. తలుపులు వేసుకుని నేయండి అన్నాన్నేను. ఎవరూ వెయ్యలేదు. మా వీధిలో మగ్గం ఆడుతుండగా వీధి తలుపు వేయరు. పూర్వం వెలుతురు కోసమే, కరెంటు బల్బులు వచ్చాక ఆ అవసరం పోయింది. అలవాటు మాత్రం పోలేదు, పైగా దానికి ఒక అర్థం అంటుకుంది, తలుపేసి నేసేవాడు దొంగనూలు నేస్తున్నట్టని. ఏజెంటు ఆ మాటనే పట్టుకున్నాడు. "దాపరికం లేనోడు వాకిలి ఎందుకప్పా ఏసేది?" అని ఇంటింటి ముందూ నవ్వుతూ అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఎంత కష్టమో. నీళ్ళు పోసుకునేటప్పుడు చీర అడ్డం కట్టుకునే ఆడమనిషి ఏం దొంగిలించిందని కట్టుకుంటుంది?

పోగు తెగింది. ఆగకూడదు, ఆగితే చప్పుడు ఆగుతుంది. ఒక చేత్తో పన్నెను ఊరికే ఆడిస్తూ రెండో చేత్తో తెగిన కొస వెతికాను. దొరకలేదు. ఆమె అయితే కళ్ళు మూసుకుని అతికేది, వేళ్ళ మధ్య ఒక్కసారి నలిపితే సరి. నాకు కొస దొరికితే రెండో కొస పోతున్నది. వదిలేశాను, ఆ ఒక్క పోగు లేకుండానే నేత సాగింది, గుడ్డలో సన్నని గీత పడింది. పడనీ. నాడెలోని నూలు కండె అయిపోయింది. ఇంకో కండె, అదిగో గూట్లో సత్తు గిన్నెలో, ఆమె చుట్టిపెట్టుకున్నవి, దుమ్ము పట్టకుండా మీద తడిగుడ్డ కప్పి పెట్టింది, ఆ గుడ్డ ఎండి గట్టిపడి గిన్నె ఆకారంలోకి వచ్చింది. ఎత్తగానే టోపీలా చేతికొచ్చింది. కండెలు నిన్న చుట్టినంత శుభ్రంగా ఉన్నాయి. చూడు, నాకు ఈ పూట అవసరమవుతుందని ఆమెకు ఎలా తెలుసు? తెలియదు. కాని ఉన్నాయి. ఇలాంటివి అప్పుడప్పుడు దొరుకుతుంటాయి నాకు, ఉప్పు డబ్బాలో చింతగింజ, నా చొక్కా గుండీ కిందనే కుట్టి ఉంచిన ఇంకో గుండీ. నాడెలో కండె పెట్టి మళ్ళీ లాగాను. హోటల్లో రేడియో ఆగిపోయింది. ఎందుకాపారు? నరసన్నకు సరిగ్గా వినపడాలనా? లయ తప్పింది. కుడి, ఎడమ, ఎడమ కాదు, కుడి. నిదానం. భీమన్న మోటుగా నేస్తాడు, రెండు గుద్దులు వెంటవెంటనే వేస్తాడు. నేనూ రెండు వేశాను. ఛ, ఒకడి ఇంటి చప్పుడును ఇంకొకడు నటించవలసిన గతి.

రెండోసారి గఫూర్ సాబ్ దగ్గరికి ఒక్కణ్ణే పోయాను. ఆయన ఒప్పందం తీసి, కళ్ళద్దాలు పైకి నెట్టి, కిందికి దించి, చదివి, బల్ల మీద పెట్టాడు. "వీధి అందరిదీ. బెంచీ హోటలాయనది. వాడు మీ ఇంట్లోకి రాలేదు, దేన్నీ ముట్టలేదు, ఏమీ అడగలేదు. చప్పుడు మీరే పంపుతున్నారు, వాడు అందుకుంటున్నాడు. కోర్టు అలాగే అంటుంది బేటా." మేం వాడికి పంపడం లేదు సాబ్, గుడ్డ నేస్తుంటే అది వస్తున్నది అన్నాను. "తెలుసు నాకు. కాని కాగితంలో గడప అని రాసింది నేనే. గడప అంటే చెక్క. చెక్క దాటలేదు వాడు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. తర్వాత మెల్లగా అడిగాడు, "మొన్న పండక్కి ఏదో కాగితం మీద వేలిముద్రలు వేశారంటగా?" వేశారు. పండక్కి కొత్త నూలు ఇచ్చేటప్పుడు కంపెనీ ఒక కాగితం పెట్టింది, సన్నక్షరాలు, అటూ ఇటూ నింపేసి ఉంది. అందరి వరుసలో నిలబడి నేనొక్కణ్ణే చదివాను. "వీధినుండి గమనించుటకు మాకు అభ్యంతరము లేదు" అని ఎక్కడో నడుమ ఉంది. అందరికీ చదివి చెప్పాను, వేలు పెట్టొద్దన్నాను. భీమన్న నా వంక జాలిగా చూసి, "వేలు పెట్టకుంటే నూలు ఇయ్యరంట గదన్నా. అభ్యంతరం ఉందని సెప్పి, సదివి, ఉత్త మగ్గం ముందు కూసోమంటావా?" అన్నాడు. ఇదీ ఇష్టపడటం అంటే. ఇదీ ఒప్పుకోవడం. అన్నం కంచం ముందు పెట్టి, చెయ్యి పట్టుకుని, తినాలంటే ఇక్కడ వేలు పెట్టు అంటే ఎవరైనా పెడతారు. పెట్టాక, చూడండి, వీళ్ళ ఇష్టంతోనే అంటారు. గఫూర్ సాబ్ అంతా విని, ఫీజు తీసుకోకుండా, నన్ను వాకిలి దాకా సాగనంపి, "మీ బీబీ ఆ రోజే అడిగింది. నేను నవ్వినాను" అన్నాడు. ఆయన మళ్ళీ నవ్వగా నేను చూడలేదు.

ఇప్పుడు ఇది అనుకోకూడదు, గుద్దేటప్పుడు అనుకుంటే గుద్దు తప్పుతుంది. కాని వస్తున్నది. ఎనభైలో, నడివేసవిలో, కంపెనీ ఆమెకు సన్న నూలు ఇవ్వడం మానేసింది. స్టాకు లేదన్నారు. ముతక నూలు పంపారు, తువ్వాళ్ళు నేయమని. మా వీధిలో ఆమె అంత సన్నపని చేసేవాళ్ళు లేరు. నేను ఏజెంటును అడిగాను, "వచ్చే నెల వస్తాదప్పా" అన్నాడు. రాలేదు. పక్కవీధికి మాత్రం వచ్చింది. ఆమె ముతక తువ్వాళ్ళే నేసింది. కార్తీకంలో ఒక తెల్లవారుజామున ఊపిరి ఆడక లేచి కూర్చుంటే ఆదోని తీసుకుపోయాను. డాక్టరు గొట్టం పెట్టి చాలాసేపు విని, గుండె కవాటం ఎప్పుడో చెడింది, ఆరేడు నెలలుగా బలహీనపడుతూ వస్తుండాలి, మీరు గమనించలేదా అని నన్ను అడిగాడు. ఆరేడు నెలలు. తిరుగు బస్సులో కిటికీలోంచి నల్లరేగడి చేలు చూస్తూ వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టాను, లెక్క సరిగ్గా సన్న నూలు ఆగిన నెల దగ్గర ఆగింది. ఆమె గుద్దు మందగించింది. గుద్దుకూ గుద్దుకూ మధ్య ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. బెంచీ మీద నరసన్న విన్నాడు, ఏజెంటుకు చెప్పాడు, సేటు లెక్క వేశాడు, ఈ మనిషి చెయ్యి ఇంక ఎక్కువకాలం రాదు, ఖరీదైన నూలు ఈమెకెందుకు అని. నా భార్య చనిపోబోతున్న సంగతి డాక్టరుకంటే ముందు, నాకంటే ముందు, గుడ్డలు కొని అమ్మేవాడికి తెలిసింది! తెలిసి వాడేం చేశాడు? ఒక్క మాట చెప్పాడా? అమ్మా, ఒకసారి డాక్టరుకు చూపించుకో అని కబురు పంపాడా? తన నూలు వెనక్కి తీసుకున్నాడు. అదే నేను ప్రతి రాత్రీ ఆమె పక్కన కూర్చుని పేపరు చదువుతూ ఆ చప్పుడే విన్నాను. నాకు అది మా ఇల్లు. వాళ్ళకు అది సమాచారం. ఇంట్లో మనిషి వినలేనంత దగ్గరగా వీధిలో మనిషి వింటాడా? వినవచ్చునట. చెక్క దాటలేదట.

డాక్టరు దగ్గరినుంచి వచ్చాక ఆమె తన కమ్మలు అమ్మించి, సొంతంగా సన్న నూలు తెప్పించి, ఈ పడుగు పెట్టింది. ఎందుకే, పడుకో అంటే, "ఒకటైనా నాకు నేసుకుంటా, ఎవురూ సెప్పకుండా" అంది. రోజుకు రెండు వేళ్ళ వెడల్పు. ఒక్కోరోజు అదీ లేదు. నేసేటప్పుడు నన్ను దగ్గర కూర్చోబెట్టుకునేది. ఒకసారి అంది, "నరసన్నకు ఇది సన్న నూలని తెల్సిపోయింటాది. తెల్సుకోనీ. ఇది వాళ్ళది కాదు గదా." అప్పుడు ఆమె ముఖంలో గంజి కుమ్మరించిన నాటి వెలుగు కనబడింది.

సైకిలు గంట. వచ్చాడు. ఆపకు. కుడి, ఎడమ, రెండు గుద్దులు. కుడి, ఎడమ, రెండు గుద్దులు. సైకిలు స్టాండు వేసిన చప్పుడు నాకూ వినపడింది. చూశావా, మాకూ చెవులున్నాయి. ఏజెంటు గొంతు, "ఏం నరసన్నా, టీ తాగినావా? ఎట్లుంది ఈ పక్క?" నరసన్న ఇంటింటిదీ చెప్పుకొస్తున్నాడు, ఆ చివరినుంచి ఈ చివరికి, బడిపిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు. నా దాకా రావడానికి ఎంతసేపు? చెమట కళ్ళలోకి కారింది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. "భీమన్నది?" అన్నాడు ఏజెంటు. "ఆ మొగుడూ పెళ్ళాం వారం నుంచి కండ్లబడలే. రేపు మగ్గం ఇప్పేదానికి మనుషుల్ని తోలక రమ్మంటాండాడు సేటు." రెండు గుద్దులు గుద్దాను. మళ్ళీ రెండు. అందులో ఒకటి తప్పు, పన్నె వంకరగా తగిలి డొల్లగా మోగింది. అయిపోయింది అనుకున్నాను. పొట్ట పట్టుకుని గోడ పక్కన నిలబడిన హనుమమ్మ కళ్ళ ముందు కదిలింది, రేపు బస్సు దిగి వచ్చి ఖాళీ గుంట చూస్తుంది. "ఆడతాంది గదన్నా," అన్నాడు నరసన్న. "ఇనపళ్ళే? భీమన్నదే. వానిది గాకుంటే ఎవునిది అట్ల గాడిద తన్నినట్ల?" ఏజెంటు నవ్వాడు. "అవునవును. ఆ పక్కన బి.ఏ. ఆయన ఎట్ల నిద్రపోతాడో పాపం." స్టాండు తీశాడు, గంట కొట్టాడు, సైకిలు చప్పుడు వీధి చివరికి పోయి మలుపు తిరిగింది.

ఆపేశాను. ఏడుపు వచ్చేదే, కాని కోపం ముందు వచ్చింది. తల ఎత్తితే గడపకు అవతల నరసన్న నిలబడి ఉన్నాడు. పడిపోయిన చెయ్యి పక్కన వేలాడుతున్నది. గడపకు జానెడు దూరంలో, ఒప్పందం తెలిసినవాడిలా. "అప్పా," అన్నాడు, "భీమన్న ఇంట్లో లేడని నాకు తెల్సు. ఇది నీ తొక్కుడని మొదటి గుద్దుకే తెల్సె. హులిగక్క పడుగు గదా అది. ఆ నూలు సప్పుడు నేను మరిసిపోతానా." నాడెను గుడ్డ మీద పెట్టాను. "ఆ యమ్మ చెయ్యి మందగించిందని సెప్పింది నేనే. కూటికి సెప్పినా. ఈ పొద్దు సెప్పలే. రేపు కూడా సెప్పను, భీమన్నతో అను, భయపడొద్దని." ఆ ముఖంలో అబద్ధం లేదు. ముసలివాడయ్యాడు, గడ్డం నెరిసింది, ఈ పూట వాడు చేసింది తెలిస్తే ఆ బెంచీ కూడా ఉండదు. భీమన్న మగ్గం నిలిచింది, వాడి వల్లనే నిలిచింది. చేతులెత్తి దండం పెట్టాలి నేను. పెట్టలేకపోయాను. మాది మాకు వీడు దయతో ఇస్తున్నాడు. రేపు వీడి కూటికి మళ్ళీ కష్టమొస్తే? ఎల్లుండి ఈ బెంచీ మీద ఇంకొకడు కూర్చుంటే? ఒక మనిషి మంచితనం మీద ఆధారపడి బతకవలసిన ఇంటిని ఇల్లని ఎందుకనాలి?

"టీ తాగినావా నరసన్నా?" అన్నాను చివరికి. నోట్లోంచి వచ్చింది అదే. లేదన్నాడు. చెంబులో నీళ్ళు ఇస్తే గడప బయటే కూర్చుని తాగాడు. తాగి లేచి, నా గదిలోకి, బల్బు కింద ఉల్లిపొర రంగు చీర వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు. "ఇంకా నేస్తావా అప్పా?" అన్నాడు. నేస్తానన్నాను. ఆ మాట నేను అనుకుని అనలేదు, కాని అన్నాక తెలిసింది, పాడైనంత పాడైంది, మిగిలింది నేను పూర్తి చేస్తాను, నా గీతలతోనే, నా వదులుతోనే. "అట్లయితే వాకిలి మూసేదా?" అని ఒంటి చెయ్యి తలుపు రెక్క వైపు చాచి, ముట్టకుండా ఆపి, నా జవాబు కోసం నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో వాళ్ళ మనిషి ఒకడు మమ్మల్ని అనుమతి అడగడం అదే మొదలు.

"నువ్వొద్దులే నరసన్నా. నా ఇంటి వాకిలి." గుంటలోంచి కాళ్ళు పైకి తీసుకున్నాను. మోకాళ్ళు పట్టేశాయి. గోడ పట్టుకుని నడిచాను. వీధి పొడుగునా ఇళ్ళ వాకిళ్ళన్నీ తెరిచే ఉన్నాయి, మగ్గాలు ఆడుతున్నాయి, వెలుతురు పలకలు పలకలుగా మట్టి మీద పడి ఉంది. ఎదురింటి ఆమె నాడె పట్టుకునే తల తిప్పి చూసింది, మగ్గం ఆడే ఇంటికి తలుపు వేస్తాడా వీడు అన్నట్టు. చూడనీ. దొంగనూలు అనుకోనీ. నరసన్న రెండడుగులు వెనక్కి వేశాడు. తలుపు రెక్కలు రెండూ దగ్గరికి తెచ్చి, చప్పుడు కాకుండా గడియ పెట్టాను.